ఆక్షన్ షీట్‌లో అంకె కాదు, బొమ్మ చూడండి

జపాన్ పాత కార్ల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం న్యూజిలాండ్‌లోని మన వాళ్లవి. తర్వాత తూర్పు ఆఫ్రికావి. స్టీరింగు కుడివైపు ఉండే దేశాలు కాబట్టి జపాన్ బండి అక్కడ ఏ మార్పూ లేకుండా రోడ్డెక్కుతుంది. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే కాగితం చుట్టూ తిరిగాయి. వేలంలో ప్రతి కారుకూ తనిఖీదారు రాసే ఆక్షన్ షీట్ అది. నేను నగోయా దగ్గర ఒక ఎగుమతి సంస్థలో, వేలానికి వచ్చిన కార్లను కొనే ముందు చూసి చెప్పే పనిలో ఉన్నాను. అంతకు ముందు విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి డెంటింగ్ షెడ్డులో రేకు పని నేర్చుకున్నాను. ఈ కాగితాన్ని నేను చదివే పద్ధతికి పునాది అక్కడే పడింది.

ప్రశ్న: నమస్కారమండీ. ఆక్లండ్‌లో ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. 2015 టయోటా ఆక్వా ఒకటి చూశాం. డీలరు ఆక్షన్ షీట్ కాపీ ఇచ్చారు. పైన 4 అనీ, పక్కన బీ అనీ ఉంది. కారు బొమ్మ మీద ఏ1 మూడు చోట్ల, యూ1 రెండు చోట్ల రాసి ఉన్నాయి. కుడి వెనక తలుపు దగ్గర డబ్ల్యూ2 ఉంది. ఎడమ ముందు ఫెండర్ మీద, బానెట్ మీద ఎక్స్ అక్షరం రెండేసి సార్లు ఉంది. ‘4 అంటే మంచి బండే, కళ్లు మూసుకుని తీసుకోండి’ అంటున్నారు. ఇది యాక్సిడెంట్ కారా, కాదా?
— ఆక్లండ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: జపాన్ లెక్కలో ఇది యాక్సిడెంట్ కారు కాదు. అయినా ముందు ఎడమ మూలన దానికి దెబ్బ తగిలి ఉండే అవకాశం ఎక్కువ. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. ఎందుకో చెబుతాను.

పైనున్న 4 మొత్తం బండికి వేసిన గ్రేడు, అంకె పెరిగేకొద్దీ బండి మేలు. ముందు బొమ్మ మీది అక్షరాలు చూద్దాం. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, బీ అంటే గీతతో కూడిన సొట్ట. పక్కనున్న అంకె దాని పరిమాణం. 1 అంటే దగ్గరికి వెళ్లి చూస్తే కనిపించేది, 2 అంటే మామూలుగా నిలబడి చూసినా కనిపించేది, 3 అంటే దూరం నుంచే కంటికి తగిలేది. 4 అంటే మరీ పెద్దది. సెంటీమీటర్ల కొలత ఒక్కో వేలం సంస్థకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు. పదేళ్ల బండికి ఏ1లు, యూ1లు ఉండటం సహజం. సూపర్ మార్కెట్ పార్కింగులో పక్క కారు తలుపు తగిలినా యూ1 పడుతుంది. నిజానికి అవి లేని పాత బండిని చూస్తే, మొత్తానికి రంగు వేయించారేమోనని నాకు సందేహం వస్తుంది.

మీ షీట్‌లో నేను మొదట ఆగేది డబ్ల్యూ2 దగ్గర. డబ్ల్యూ అంటే అక్కడ మరమ్మతు జరిగి, ఆ జాడ మిగిలిందని. సొట్ట తీసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టారు. డబ్ల్యూ1 అయితే రేకు మీద వెలుతురు పడే తీరులో చిన్న తేడా ఉంటుంది, అలవాటు లేని కంటికి అది తెలియదు. డబ్ల్యూ2 అయితే అల కనిపిస్తుంది, లేదా రంగు పక్క తలుపుతో కలవదు. డబ్ల్యూ3 అయితే మళ్లీ రంగు వేయించుకోవాల్సిందే. కారు పక్కన వంగి, కన్ను రేకుకు సమాంతరంగా పెట్టి, దూరంగా ఉన్న కిటికీ గీతో కరెంటు స్తంభమో ఆ తలుపులో ఎలా ప్రతిబింబిస్తోందో చూడండి. గీత వంకరపోయిన చోట పుట్టీ ఉంది. మా నాన్నగారు పని పూర్తయ్యాక ప్రతి బండినీ అలాగే చూసేవారు. ఇక్కడి తనిఖీదారులు కూడా ట్యూబ్ లైట్ల వరుస కింద నిలబడి అదే చేస్తారు.

ఇక డబుల్ ఎక్స్. ఒక్క ఎక్స్ ఉంటే ఆ భాగం మార్చాల్సిన స్థితిలో ఉందని. రెండు ఉంటే ఇప్పటికే మార్చేశారని. మీ బండికి బానెట్టూ, ఎడమ ముందు ఫెండరూ మార్చారు. అయినా 4 ఎలా ఇచ్చారని మీరు అడగవచ్చు. జపాన్‌లో ‘షూఫుకురెకి’, అంటే మరమ్మతు చరిత్ర అనే మాటకు కచ్చితమైన హద్దు ఉంది. ముందు వెనక సైడ్ మెంబర్లు (బండి పొడవునా పోయే దూలాలు), క్రాస్ మెంబర్లు (అడ్డంగా ఉండే దూలాలు), చక్రాల లోపలి గోడలు, పిల్లర్లు (పైకప్పును మోసే నిలువు స్తంభాలు), డ్యాష్ ప్యానెల్ (ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య గోడ), పైకప్పు, ఫ్లోర్, డిక్కీ ఫ్లోర్ లాంటి చట్రపు భాగాలు దెబ్బతిని బాగుచేసినా, మార్చినా అది మరమ్మతు చరిత్ర ఉన్న కారు. బానెట్, ముందు ఫెండర్లు, తలుపులు, డిక్కీ మూత మారిస్తే ఆ లెక్కలోకి రాదు.

హద్దు అక్కడ గీయడంలో అర్థముంది. బానెట్, ముందు ఫెండర్, తలుపు స్పానర్‌తో ఊడి వస్తాయి. మెంబర్లూ, పిల్లర్లూ కోస్తే తప్ప రావు. స్పానర్‌తో ఊడే భాగాన్ని సరైన దానితో మారిస్తే బండి బలం తగ్గదు. కోసి అతికించిన చోట అతుకు ఎంత బాగా కుదిరిందన్న దాని మీద బండి బలం ఆధారపడుతుంది.

మీ బండిలో తేలాల్సింది ఒక్కటే. బానెట్‌నూ ఫెండర్‌నూ మార్చాల్సి వచ్చేంత దెబ్బ అక్కడితో ఆగిందా, లోపలికి వెళ్లిందా? ఆ రెండింటి వెనకా రేడియేటర్‌ను మోసే చట్రం ఉంటుంది. దాన్ని కోర్ సపోర్ట్ అంటాం. దాని వెనక సైడ్ మెంబర్ల కొనలు ఉంటాయి. షీట్‌లో తనిఖీదారు జపనీస్‌లో రాసే గడి ఉంటుంది. అందులో కోర్ సపోర్ట్ పేరు ఎక్కడైనా ఉందా అని డీలరును అడగండి. ఆ పేరు పక్కన ‘కోకాన్’ అని ఉంటే మార్చారని, ‘మగారి’ అని ఉంటే వంగిందని. తర్వాత బానెట్ ఎత్తి ఫెండర్‌ను పట్టి ఉంచిన బోల్టుల తలలు చూడండి. ఫ్యాక్టరీలో బోల్టులు బిగించాక రంగు పడుతుంది కాబట్టి విప్పని బోల్టు తల మీద రంగు చెక్కుచెదరదు. మీ ఎడమ ఫెండర్ బోల్టుల మీద రంగు లేచి ఉండటం మామూలే, మార్చారు కదా. కోర్ సపోర్ట్ బోల్టులు, రెండో వైపు ఫెండర్ బోల్టులు కూడా అలా ఉంటేనే ఆలోచించాలి. హెడ్‌లైట్‌కీ బానెట్‌కీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో వేలు పెట్టి చూడండి.

ఇవన్నీ శుభ్రంగా ఉంటే నా మాటగా చెబుతున్నాను, తీసుకోండి. ధర మాత్రం డబుల్ ఎక్స్ లేని 4 గ్రేడు బండి ధర కాకూడదు.

పక్కనున్న బీ లోపలి భాగానికి ఇచ్చిన గ్రేడు. ఏ నుంచి కిందికి దిగుతూ పోతుంది. బీ అంటే శుభ్రంగా ఉందనే. ఆక్వా కాబట్టి ఒక అదనపు సంగతి. దాని హైబ్రిడ్ బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, చల్లబడేందుకు సీటు పక్కనున్న జాలి గుండా గాలి పీలుస్తుంది. కుక్కను తిప్పిన బండి అయితే ఆ జాలి నిండా వెంట్రుకలు ఉంటాయి, బ్యాటరీ వేడెక్కుతుంది. ఆ జాలి ఊడదీసి శుభ్రం చేసి ఇవ్వమని డీలరును అడగండి.

ప్రశ్న: నేను కొనాలనుకున్న మాజ్దా షీట్ మీద ఎడమ వైపు పైన ఆర్3 అని స్పష్టంగా ఉంది. ఆర్ అంటే యాక్సిడెంట్ అని ఇంటర్నెట్‌లో చదివాను. ఏజెంటు మాత్రం దెబ్బే తగల్లేదంటున్నారు. మోసమేనా?
— హామిల్టన్, న్యూజిలాండ్

జవాబు: మోసం కాదమ్మా. ఎడమ వైపు పైన ఉన్నది మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం. జపాన్‌లో చక్రవర్తి మారితే కాలగణన కొత్తగా మొదలవుతుంది. 2019 మే 1 నుంచి రేవా శకం నడుస్తోంది, దానికి గుర్తు ఆర్. ఆర్3 అంటే 2021. రేవా అంకెకు 2018 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అంతకు ముందుది హేసే శకం, గుర్తు హెచ్, దానికి 1988 కలపాలి. హెచ్27 అంటే 2015. 2019లో ఏప్రిల్ వరకు హెచ్31, మే నుంచి ఆర్1. ‘షాకెన్’ అనే తప్పనిసరి తనిఖీ గడువు తేదీని కూడా ఇలాగే రాస్తారు కాబట్టి ఒకే షీట్ మీద ఆర్ రెండు మూడు చోట్ల కనిపించవచ్చు.

మీరు భయపడాల్సిన ఆర్ కుడివైపు పైన, గ్రేడు వేసే గడిలో ఉంటుంది. అక్కడ 3.5, 4 లాంటి అంకె ఉంటే ఆర్ గురించి నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: అన్నగారూ, నైరోబీలో చిన్న వ్యాపారం. టయోటా ఫీల్డర్ ఒకటి గ్రేడు ఆర్‌తో చాలా చవకగా వస్తోంది. అదే సంవత్సరం 4 గ్రేడు బండికీ దీనికీ ధరలో పెద్ద తేడా ఉంది. ఇక్కడ మెకానిక్కులు ‘ఆర్ అయితే ఏమిటి, నడుస్తుంది’ అంటున్నారు. తీసుకోవచ్చా?
— నైరోబీ

జవాబు: ఆర్ బండ్లన్నీ ఒక తీరుగా ఉండవు. పైన ఆక్లండ్ పాఠకుడికి చెప్పిన చట్రపు భాగాల జాబితా మీకే ఎక్కువ అవసరం. దానిలో ఏది దెబ్బతిన్నా గ్రేడు ఆర్ అవుతుంది. కోర్ సపోర్ట్‌తో పాటు ముందు మెంబర్ కొన కాస్త నలిగి, సరిచేసిన బండీ ఆర్, మధ్య పిల్లర్ కోసి అతికించిన బండీ ఆర్. కొన్ని సంస్థలు తేలికపాటి దెబ్బకు ఆర్ పక్కన ఏ చేర్చి విడిగా చూపుతాయి. అన్ని సంస్థలకూ ఆ అలవాటు లేదు.

కాబట్టి ఆర్ కనిపించగానే నేను చూసేది ‘ఎక్కడ’ అని. ముందు భాగంలో ఉంటే, కోర్ సపోర్ట్ దాటి ఎంత దూరం వెళ్లిందో తనిఖీదారు రాతలో వెతుకుతాను. వెనక ఉంటే డిక్కీ ఫ్లోర్ వరకేనా, వెనక మెంబర్లు కూడా ఉన్నాయా అని చూస్తాను. పక్క నుంచి తగిలి పిల్లర్ పేరు ఉంటే, ఎంత చవకైనా నా జాబితాలోంచి కొట్టేస్తాను. పక్క నుంచి గుద్దినప్పుడు మీకూ, గుద్దిన బండికీ మధ్య అడ్డుగా నిలిచేది ఆ పిల్లరే. అది ఒకసారి నలిగి, ఎవరో ఎక్కడో అతికించినది. దాని బలం ఎంతో ఏ కాగితమూ చెప్పదు. వ్యాపారానికి సరుకు మోసే బండి అయినా, సాయంత్రం పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చేదీ అదే కదా.

వెనక ఫెండర్ గురించి ఒక మాట. ముందు ఫెండర్ బోల్టులతో ఉంటుంది, వెనకది వెల్డింగుతో ఉంటుంది. వెనక ఫెండర్ మీద డబుల్ ఎక్స్ ఉన్నా గ్రేడులో ఆర్ పడకపోవచ్చు. ఆ బండి డిక్కీలో తివాచీ ఎత్తి, స్పేర్ టైరు గుంత అంచులు చూడకుండా కొనకండి. రేకుల అతుకుల మీద ఫ్యాక్టరీలో పూసే సీలెంటు ఒకే వెడల్పుతో, నునుపుగా పోతుంది. చేత్తో పూసినది ఎగుడుదిగుడుగా ఉంటుంది. గోరుతో నొక్కి చూసినా తేడా తెలుస్తుంది.

మీ మెకానిక్కుల మాట కొంత నిజమే, ఆర్ బండి నడుస్తుంది. అయితే మీరు అమ్మేటప్పుడు కూడా అది ఆర్ బండే. ఇప్పుడు తగ్గిన ధర అప్పుడు మీ చేతిలోంచి పోతుంది. మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం కూడా సరిచూసుకోండి. కెన్యాలో ఎనిమిదేళ్లు దాటిన బండిని దిగుమతి కానివ్వరు. హెచ్ అంకెను మన సంవత్సరంలోకి మార్చుకున్నాకే డబ్బు పంపండి.

ప్రశ్న: సుబారు ఒకటి గ్రేడు 4.5 అని చూసి ఇష్టపడి కొన్నాను. షీట్ మీద బొమ్మలో దాదాపు గుర్తులే లేవు. బండి వచ్చాక జాకీ మీద ఎత్తి చూస్తే కింద అంతా ఎర్రటి తుప్పు. సస్పెన్షన్ బోల్టులు కూడా కొరికేసినట్టున్నాయి. షీట్ అబద్ధం చెప్పిందా?
— క్రైస్ట్‌చర్చ్

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. ఆ షీట్ కాపీ నాకు పంపి మంచి పని చేశారు. షీట్ అబద్ధం చెప్పలేదు. తుప్పు సంగతి అందులో ఉంది, మీకు అనువదించి ఇచ్చినవారు దాన్ని వదిలేశారు. తనిఖీదారు గడిలో రెండో వరుసలో ‘షితామవారి సాబి’ అని ఉంది. బండి అడుగుభాగంలో తుప్పు అని దానికి అర్థం. మీ చేతికొచ్చిన అనువాదంలో ఆ వరుసే లేదు. అమ్మినవారిని నిలదీయడానికి మీ చేతిలో ఉన్న ఆధారం అదే. అసలు షీట్‌నూ, అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆక్షన్ షీట్ బొమ్మలో కారును విప్పి పరిచినట్టు పైకప్పు, ముందు, వెనక, రెండు పక్కలు చూపిస్తారు. అడుగుభాగానికి ఆ బొమ్మలో చోటు లేదు. ఎస్ అంటే తుప్పు, సీ అంటే రేకు తినేసేంత తుప్పు. ఈ రెండు అక్షరాలూ బొమ్మ మీద పడేది పైకి కనిపించే రేకుకే. అడుగున ఉన్నదాన్ని తనిఖీదారు మాటల్లో రాయాలి, ఆ మాటలు మనం చదవాలి. గ్రేడు వేయడంలో కిలోమీటర్లకూ, పైరేకు స్థితికీ పెద్ద వాటా ఉంటుంది. చాలా చోట్ల లక్ష కిలోమీటర్లు దాటిన బండికి 4.5 రావడం కష్టం. తక్కువ తిరిగి, రోజూ కడిగి, మంచు ప్రాంతంలో బతికిన బండికైనా 4.5 సులభంగా వస్తుంది. మీ బండి కథ అదే.

జపాన్‌లో హొక్కాయిదో, తొహోకు ప్రాంతం, నీగాత లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు రసాయనాలు చల్లుతారు. చక్రాలు ఎగజిమ్మిన ఆ నీరు అడుగున ప్రతి అతుకులోకీ చేరి కూర్చుంటుంది. అక్కడి జనం నాలుగు చక్రాలకూ శక్తి అందే బండ్లను ఎక్కువగా కొంటారు, సుబారులకు అందుకే అక్కడ అంత ఆదరణ. నాలుగు చక్రాల డ్రైవు బండి కొనే ముందు అది ఏ వేలంలో అమ్ముడైందో తప్పక అడగండి. సప్పొరోలోనో నీగాతలోనో అమ్ముడైతే అడుగుభాగం ఫోటోలు లేకుండా ముందుకు పోవద్దు. సముద్రపు గాలి తగిలిన ఒకినావా బండ్లతోనూ ఇదే జాగ్రత్త. పెద్ద నగరంలో అమ్ముడైనంత మాత్రాన నగరపు బండి అని నమ్మడానికీ లేదు. మంచు ప్రాంతాల బండ్లను మంచి ధర కోసం దక్షిణాదికి తెచ్చి అమ్మేవాళ్లు ఉన్నారు. వెనక అద్దం మీద వైపర్, వేడి చేసే తీగలున్న ముందు అద్దం, చల్లటి ప్రాంతాల సామగ్రి అని ప్రత్యేకంగా రాసి ఉండటం లాంటి ఆనవాళ్లు కొంత చెబుతాయి. వీటిలో వెనక వైపర్ ఒక్కదాన్ని పట్టుకుని తేల్చకండి, అది చాలా బండ్లకు మామూలుగానే వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. పైపైన ఎర్రబడిన తుప్పునూ, పొరలు లేచిన తుప్పునూ వేరు చేసి చూడాలి. స్క్రూ డ్రైవర్ మొనతో పొడిచినప్పుడు గట్టిగా టక్‌మంటే రుద్ది, తుప్పు నిరోధక రంగు వేయించుకోవచ్చు. మొన దిగితే అది మరమ్మతు ధ్రువీకరణ చేసేవారు చూడాల్సిన విషయం. న్యూజిలాండ్‌లో చట్రానికి తుప్పు పట్టిన బండిని వారు చూడనిదే రోడ్డెక్కనివ్వరు. ఈ బండి వారి దాకా వెళ్లిందా, వెళ్తే ఏం రాశారు అని ఆ కాగితాలు అడిగి తీసుకోండి.

నీటిలో మునిగిన బండ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2018 జులైలో పశ్చిమ జపాన్‌లో, 2019 అక్టోబరులో హగిబిస్ తుపానుకు నాగానో, ఫుకుషిమా వైపు, 2020 జులైలో కుమమోతోలో నదులు పొంగి వేల ఇళ్లు మునిగాయి, వాకిట్లో ఉన్న బండ్లూ మునిగాయి. మునిగిన బండిని తనిఖీదారు పట్టుకుంటే ‘కన్‌సుయి’ అనో ‘సుయిబొత్సు’ అనో రాస్తారు. అడుగున తుప్పు ఉంటే అది మంచు దేశపు ఉప్పు కావచ్చు. సీటు బిగించే పట్టాల మీద, సీటు బెల్టును చివరి దాకా లాగితే కనిపించే భాగంలో, డ్యాష్‌బోర్డు కింది బ్రాకెట్ల మీద బురద మరకో తుప్పో ఉంటే మాత్రం నీరు లోపలికి వచ్చిందని అనుమానించాలి. అలాంటి బండిని తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వైరింగులో పట్టిన చిలుము ఏడాదికో, రెండేళ్లకో బయటపడుతుంది.

ప్రశ్న: నిస్సాన్ లీఫ్ కొందామని ఉంది. షీట్ మీద బ్యాటరీ గురించి ఏ గుర్తూ కనబడలేదు. 5 గ్రేడు కాబట్టి బ్యాటరీ బాగానే ఉన్నట్టేనా?
— వెల్లింగ్టన్

జవాబు: కాదు. ఆ 5కూ బ్యాటరీకీ సంబంధం లేదు. లీఫ్ మీటరులో కుడివైపు అంచున 12 గడులు ఉంటాయి. వాటిలో ఎన్ని వెలుగుతున్నాయన్నదే బ్యాటరీ సామర్థ్యం. కొందరు తనిఖీదారులు ‘సెగు’ అని రాసి పక్కన అంకె వేస్తారు. అది లేకపోతే మీటరు వెలుగుతున్న ఫోటో అడగండి. మొదటి గడి ఆరిపోయేసరికే సుమారు 15 శాతం సామర్థ్యం పోయి ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో గడి అంతకంటే తక్కువ నష్టానికే పోతుంది. 2010 చివర్లో వచ్చిన మొదటి బండ్లలో బ్యాటరీ 24 కిలోవాట్ అవర్లు, 2017 చివర్లో వచ్చిన రెండో తరంలో 40. చిన్న బ్యాటరీలో రెండు గడులు పోయిన బండి ఊళ్లో తిరగడానికి సరిపోతుంది, మీ ఇంటి నుంచి ఆఫీసుకు రానుపోను దూరం కొలుచుకుని నిర్ణయించుకోండి. గీతలున్న 3.5 గ్రేడు లీఫ్‌కు 12 గడులు వెలుగుతుంటే, 9 గడులున్న తళతళలాడే 5 గ్రేడు కంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

ప్రశ్న: జపాన్‌లో ఇంత మంచి బండ్లు ఇంత చవకగా దొరుకుతుంటే హైదరాబాద్‌కు ఎందుకు తెప్పించుకోలేం?
— కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మన దేశపు నిబంధనల ప్రకారం పాత కారు తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబయి రేవు గుండానే రావాలి. ఆపై సుంకాలు కలిస్తే కారు విలువను మించిపోతాయి. జపాన్‌లో చవకగా దొరికే ఎనిమిదేళ్ల, పదేళ్ల బండికి ఆ తలుపు మూసే ఉంది. ఆ డబ్బుతో మీ ఊళ్లోనే మంచి బండి చూసుకోండి. పైన చెప్పిన బోల్టు తలలు, సీలెంటు, ప్రతిబింబం పరీక్ష హైదరాబాద్ పాత కార్ల బజారులోనూ అంతే పనిచేస్తాయి.

ప్రశ్న: దార్ ఎస్ సలాంలో ఒక యార్డువారు షీట్‌ను ఇంగ్లిషులో అందంగా టైపు చేసి ఇస్తారు. గ్రేడు, కిలోమీటర్లు, ‘నష్టం లేదు’ అనే వాక్యం, అంతే ఉంటుంది. ఇది ఆక్షన్ షీటేనా? 62 వేల కిలోమీటర్లు అని రాశారు, స్టీరింగు మాత్రం అరిగి నున్నగా ఉంది.
— దార్ ఎస్ సలాం

జవాబు: అది ఆక్షన్ షీట్ కాదు. యార్డువారు రాసుకున్న సారాంశం. అసలు షీట్ జపనీస్‌లో ఉంటుంది, ఎక్కువగా చేతిరాత. కారు బొమ్మ ఉంటుంది, దాని మీద అక్షరాలు ఉంటాయి, వేలం సంస్థ గుర్తు, లాట్ నంబరు (వేలంలో ఆ బండికి ఇచ్చిన సంఖ్య), ఛాసిస్ నంబరు ఉంటాయి. బొమ్మ లేని షీట్‌ను నేను లెక్కలోకే తీసుకోను.

అసలు షీట్ చేతికొచ్చాక అందులోనూ రెండు గొంతులు ఉంటాయని గుర్తుంచుకోండి. ఒక గడి అమ్మేవారు నింపుకునేది. ఒకే యజమాని, నావిగేషన్ ఉంది, అల్లాయ్ చక్రాలు ఉన్నాయి లాంటి పొగడ్తలన్నీ అక్కడ ఉంటాయి. మరో గడి తనిఖీదారుది. కాలిన రంధ్రం, మరక, సిగరెట్ వాసన, ఇంజిన్ నుంచి తేడా శబ్దం, ఆయిల్ చెమర్చడం అన్నీ అక్కడ ఉంటాయి. కొందరు అనువాదకులు మొదటి గడి పూర్తిగా చెప్పి, రెండో గడి దగ్గర ‘చిన్నచిన్న గీతలు’ అని ముగిస్తారు. రెండో గడిలో ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. అనువాదంలో అన్ని వరుసలూ ఉండాలి. భాష రాకపోయినా వరుసలు లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది. తనిఖీదారు చేతిలో ఒక్కో బండికీ ఉండేది కొద్ది నిమిషాలే. ఆయన బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లి నడపడు. అంత తక్కువ సమయంలోనూ రాయాలనిపించిందంటే ఆ విషయం ఆయన కంటికి గట్టిగానే తగిలిందన్న మాట.

ఇక మీటరు సంగతి. జపాన్ వేలం సంస్థలు పాత బండ్ల కిలోమీటర్ల రికార్డును ఉమ్మడిగా నిలవ చేస్తాయి. అదే బండి మునుపు ఎక్కువ కిలోమీటర్లతో వేలానికి వచ్చి ఉంటే పట్టుబడుతుంది. అనుమానం ఉంటే షీట్‌లో కిలోమీటర్ల పక్కన ప్రత్యేక గుర్తు పెడతారు, లేదా ‘సోకో ఫుమే’ అని రాస్తారు, అంటే నిజంగా ఎంత తిరిగిందో తెలియదని. కాబట్టి మీటరు తిప్పే పని చాలాసార్లు బండి జపాన్ తీరం దాటాకే జరుగుతుంది, అసలు షీట్ దాచేదీ అందుకే. యార్డువారిని ఎగుమతి ధ్రువపత్రం కాపీ కూడా అడగండి. జపాన్‌లో రిజిస్ట్రేషన్ రద్దు చేసి ఇచ్చే ఆ పత్రంలోని ఛాసిస్ నంబరు, షీట్ మీది ఛాసిస్ నంబరు, బండి మీద రేకులో కొట్టిన నంబరు, మూడూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. 62 వేలు తిరిగిన బండికి స్టీరింగు నున్నబడటం, బ్రేకు పెడలు రబ్బరు మూల అరిగిపోవడం సాధారణం కాదు. డ్రైవరు సీటు ఎడమ అంచు, కుడి అంచు నొక్కి చూడండి, దిగే వైపు అంచు మరీ కుంగి ఉంటే అది కూడా సాక్ష్యమే.

షీట్ ఇవ్వమని అడిగితే ‘పోయింది’ అంటారేమో. వేలం సంస్థ పేరు, అమ్ముడైన తేదీ, లాట్ నంబరు చెప్పమనండి, ఆ మూడూ ఉంటే కాపీ తెప్పించవచ్చు. అవి కూడా చెప్పకపోతే వేరే యార్డుకు వెళ్లండి. చెబితే ఈ శీర్షికకు రాసి పంపండి, తనిఖీదారు గడిలోని ప్రతి వరుసకూ తెలుగులో అర్థం రాసి ఇస్తాను.